ఉద్యోగంలో వివక్ష జరిగితే అమెరికాలో ముందు ఏ గడప తొక్కాలి?

అట్లాంటా దగ్గర ఉండే ఒకాయన నాకు సొంత అన్నలాంటివారు. వయసు 52. వాళ్ల కంపెనీలో లేఆఫ్ జరిగింది. ఆయన టీమ్‌లో తీసేసిన నలుగురూ యాభై దాటినవాళ్లే. ఉంచుకున్నవాళ్లలో నలభై నిండినవాళ్లు ఒక్కరూ లేరు. ఆయన బాధపడుతూ కూర్చోలేదు. పేర్లు, వయసులు, పెర్ఫార్మెన్స్ రేటింగులు అన్నీ వరసగా రాసి హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టారు. "మీ ఫిర్యాదును చాలా సీరియస్‌గా తీసుకుంటున్నాం" అని జవాబు వచ్చింది. ఒక కాల్, నెల తర్వాత ఇంకో కాల్, మధ్యమధ్యలో "విచారణ జరుగుతోంది" అని మెయిళ్లు. ఏడో నెలలో రెండు లైన్ల ఉత్తరం వచ్చింది, తప్పేమీ జరిగినట్టు తేలలేదని.

అప్పుడు లాయర్ దగ్గరికి వెళ్లారు. కథ పూర్తిగా వినకముందే లాయర్ అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఈఈఓసీలో ఛార్జ్ ఎప్పుడు ఫైల్ చేశారు?" ఈఈఓసీ అంటే ఉద్యోగ వివక్ష ఫిర్యాదులు తీసుకునే ఫెడరల్ సంస్థ, ఛార్జ్ అంటే అక్కడ ఇచ్చే ఫిర్యాదు. అది ఆయన చేయలేదు. ఆ రాత్రి నాకు ఫోన్ చేసి, "హెచ్‌ఆర్‌కి అన్నీ రాసి పెట్టాను గదా తమ్ముడూ, అది ఫిర్యాదు కాదా?" అన్నారు. ఏం చెప్పాలో నాకు తోచలేదు.

ఆయన ఉండే జార్జియా రాష్ట్రంలో ప్రైవేటు ఉద్యోగి ఈఈఓసీకి వెళ్లడానికి 180 రోజులే గడువు. ఆయనకు 200 దాటిపోయాయి. కేసులో బలం ఎంతో ఎవరూ తూచి చూడలేదు, గడప దగ్గరే ఆగిపోయింది. కంపెనీ లోపల మీరు పెట్టుకున్న ఫిర్యాదు ఎన్ని నెలలు నడిచినా ఈ గడువు ఆగదని అమెరికా సుప్రీంకోర్టు 1976లోనే చెప్పేసింది. మనవాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలియదు. ఆయన ఫోన్ పెట్టేశాక నేను ఈ నియమాలన్నీ వెతుక్కుని చదివాను. ఏ దారిలో వెళ్తే ఏం దొరుకుతుందో, ఏది పోతుందో నాకు అర్థమైనంత ఇక్కడ పెడుతున్నాను. లాయర్ చేసే పని ఇది చేయదు, కానీ లాయర్ దగ్గరికి టైమ్‌లో వెళ్లడానికి పనికొస్తుంది.

ఎందుకీ మెట్టు?

జాతి, రంగు, మతం, లింగం, పుట్టిన దేశం ఆధారంగా ఉద్యోగంలో వివక్ష చూపకూడదనేది 1964 నాటి పౌరహక్కుల చట్టంలోని టైటిల్ సెవెన్. వయసు మీద 1967లో, వైకల్యం మీద 1990లో వేరే చట్టాలు వచ్చాయి. ఈ మూడింటి కింద నేరుగా కోర్టుకెళ్లి నష్టపరిహారం అడగడం కుదరదు. ముందు ఈక్వల్ ఎంప్లాయ్‌మెంట్ ఆపర్చునిటీ కమిషన్ అనే ఫెడరల్ సంస్థకు, అంటే ఈఈఓసీకి, సంతకం చేసిన ఫిర్యాదు ఇవ్వాలి. దాన్నే ఛార్జ్ అంటారు. కంపెనీకి విషయం తెలియాలి, కోర్టు దాకా వెళ్లకుండా సర్దుకునే అవకాశం ఉండాలి అన్నది దీని వెనక ఆలోచన. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. మీ వీసా ఏమిటని వాళ్లు అడగరు. హెచ్1బీ మీద ఉన్నా, చదువయ్యాక పనిచేయనిచ్చే ఓపీటీ మీద ఉన్నా ఈ చట్టాలు వర్తిస్తాయి. పని అమెరికాలో జరిగినదైతే, ఉద్యోగం పోయి ఇండియాకు వచ్చేసినంత మాత్రాన హక్కు పోదు. గడువు మాత్రం మీ కోసం ఆగదు.

ఇండియాలో పనిచేసి వెళ్లినవాళ్లకు ఇక్కడే తికమక అవుతుంది. మన దగ్గర ఆఫీసులో లైంగిక వేధింపులపై 2013 చట్టం ప్రకారం మూడు నెలల్లోపు కంపెనీలోని అంతర్గత కమిటీకే ఫిర్యాదు ఇవ్వాలి, చట్టం గుర్తించే మొదటి మెట్టే అది. అమెరికాలో కంపెనీ లోపలి ఫిర్యాదు ఎంత ముఖ్యమైనదైనా, అది ఆ మెట్టు కాదు. హెచ్‌ఆర్‌కి రాయవద్దని నేను అనడం లేదు, తప్పకుండా రాయండి. కంపెనీకి తెలియజేశారనడానికి అది రుజువు. ముఖ్యంగా వేధింపుల కేసుల్లో అది లేకపోతే కష్టం. కానీ రెండూ పక్కపక్కనే నడవాలి.

రోజులు ఎక్కడి నుంచి లెక్క

మామూలు గడువు 180 రోజులు. రాష్ట్రంలో అదే రకం వివక్షను నిషేధించే చట్టం, దాన్ని అమలు చేసే సంస్థ ఉంటే 300 రోజులు. కాలిఫోర్నియా, టెక్సాస్, న్యూజెర్సీ, న్యూయార్క్, ఇలినాయ్, వాషింగ్టన్ లాంటి చోట్ల 300. జార్జియా, అలబామా, మిసిసిపీల్లో ప్రైవేటు ఉద్యోగులకు 180. ఫెడరల్ ప్రభుత్వ ఉద్యోగులది అసలు వేరే దారి: 45 రోజుల్లోపు సొంత శాఖలోని ఈఈఓ కౌన్సిలర్‌ను కలవాలి.

అసలు ప్రమాదం ఎన్ని రోజులన్న దానికంటే ఏ రోజు నుంచి అన్న దాంట్లో ఉంది. డెలావేర్‌లో ఒక ప్రొఫెసర్‌కు టెన్యూర్, అంటే శాశ్వత ఉద్యోగం, నిరాకరించి, ఇంకో ఏడాది పని చేసి వెళ్లమన్నారు. ఆయన ఉద్యోగం ముగిసిన రోజు నుంచి లెక్కపెట్టుకున్నాడు. 1980లో సుప్రీంకోర్టు కాదంది. నిర్ణయం మీకు తెలియజేసిన రోజే మొదలు.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. 2025 మార్చి 3, సోమవారం. మేనేజర్ మీటింగ్ పెట్టి, ఏప్రిల్ 4 మీ ఆఖరి రోజు అన్నాడు. ఆ నెల రోజులూ నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్ చేశారు, లాప్‌టాప్ తిరిగిచ్చారు. గడువు లెక్క మార్చి 3 నుంచే. జార్జియాలో అయితే 180వ రోజు ఆగస్టు 30. అది శనివారం, సోమవారం లేబర్ డే సెలవు, కాబట్టి సెప్టెంబర్ 2 దాకా ఉంటుంది. టెక్సాస్‌లో ఈఈఓసీకి 300వ రోజు డిసెంబర్ 28, ఆదివారం, అంటే 29 సోమవారం. ఏప్రిల్ 4 నుంచి లెక్కపెట్టుకున్నవాళ్లు జనవరి 29 దాకా ఉందనుకుని నిశ్చింతగా ఉంటారు. నెల రోజుల తేడాతో అంతా పోతుంది. "ఆరు నెలలు", "పది నెలలు" అని గుండుగుత్తగా అనుకోకండి. క్యాలెండర్ ముందు పెట్టుకుని రోజులు లెక్కపెట్టండి.

ఉద్యోగం తీసేయడం, ప్రమోషన్ ఇవ్వకపోవడం, డిమోషన్, ఇవి ఒక్కొక్కటీ విడి సంఘటన, ఒక్కోదానికీ దాని గడువు దానిదే. వేధింపుల వాతావరణం అలా కాదు. సుప్రీంకోర్టు 2002 నాటి మోర్గాన్ తీర్పు ప్రకారం ఆ వరుసలోని సంఘటనల్లో ఒక్కటి గడువు లోపల ఉన్నా, అంతకుముందువి కూడా కలిపి చూడొచ్చు. జీతంలో వివక్షకు 2009లో వచ్చిన లిల్లీ లెడ్‌బెటర్ చట్టం ప్రకారం ప్రతి పేచెక్‌తోనూ గడువు కొత్తగా మొదలవుతుంది.

ఈఈఓసీ దారిలో దొరికేది, దొరకనిది

పోర్టల్‌లో ముందు ఎంక్వైరీ పెడతారు, తర్వాత ఇంటర్వ్యూ, ఆ తర్వాత వాళ్ల సిబ్బంది ఛార్జ్ తయారుచేసి మీ సంతకం కోసం పెడతారు. ఎంక్వైరీ పెట్టగానే పని అయిపోయిందనుకునేవాళ్లు చాలామంది. అది ఛార్జ్ కాదు. సంతకం పడాలి. గడువు 60 రోజులో అంతకంటే తక్కువో మిగిలి ఉంటే, త్వరగా ఎలా ఫైల్ చేయాలో పోర్టలే ప్రత్యేకంగా చెబుతుంది. ఉత్తరం రాసి పోస్టులో పంపినా చెల్లుతుంది. మీ వివరాలు, కంపెనీ వివరాలు, సుమారుగా ఎంతమంది ఉద్యోగులు, ఏం జరిగింది, ఎప్పుడు, అది వివక్ష అని ఎందుకు అనుకుంటున్నారు, సంతకం. ఇవి ఉండాలి. సంతకం మర్చిపోతే ఆ కాగితానికి విలువ లేదు.

ఛార్జ్ పడ్డాక పది రోజుల్లో కంపెనీకి నోటీసు వెళ్తుంది. ఇద్దరికీ ఇష్టమైతే ఉచితంగా మీడియేషన్, అంటే మధ్యవర్తితో రాజీ చర్చ, పెడతారు. కోపం ఎంత ఉన్నా దీన్ని ఒకసారి ఆలోచించమంటాను. కంపెనీ తన వాదన ఏమిటో బయటపెట్టేది చాలాసార్లు అక్కడే. 180 రోజులు గడిచాక మీరు అడిగితే ఇక దావా వేసుకోవచ్చని చెప్పే రైట్ టు స్యూ లెటర్ ఇస్తారు. అది అందిన 90 రోజుల్లోపు కోర్టులో దావా పడాలి. వయసు వివక్షకు ఆ లెటర్ అక్కర్లేదు. ఛార్జ్ వేసి 60 రోజులు ఆగి కోర్టుకు వెళ్లొచ్చు.

ఇక్కడ చిన్న విషయం ఒకటి, కానీ కేసులు పోగొట్టేది. పోర్టల్‌లో ఆఫీసు మెయిల్ ఐడీ ఎప్పుడూ ఇవ్వకండి. ఉద్యోగం పోయిన రోజే ఆ మెయిల్ పోతుంది. లెటర్ పోర్టల్‌లోకి వచ్చి పడి ఉంటుంది, మీరు ఇంకో రాష్ట్రానికి మారిపోయి ఉంటారు, 90 రోజులు కరిగిపోతాయి.

డబ్బు సంగతి. గెలిస్తే పోయిన జీతం వస్తుంది, ఛార్జ్ వేసిన రోజు నుంచి వెనక్కి గరిష్ఠంగా రెండేళ్ల వరకు. మనోవేదనకు ఇచ్చే పరిహారానికి, కంపెనీని శిక్షించడానికి వేసే అదనపు సొమ్ముకు కలిపి టైటిల్ సెవెన్, వైకల్య చట్టాల కింద ఒక పరిమితి ఉంది. 15 నుంచి 100 మంది ఉద్యోగులున్న కంపెనీకి 50,000 డాలర్లు, 200 మంది దాకా 1,00,000, 500 మంది దాకా 2,00,000, అంతకుమించితే 3,00,000. జ్యూరీ పది రెట్లు ఇవ్వమన్నా కోర్టు ఈ గీత దగ్గర కోసేస్తుంది. 1991లో గీసిన ఈ గీత ఇప్పటికీ పెరగలేదు. పోయిన జీతం, ఇకముందు రావలసిన జీతం ఈ పరిమితిలోకి రావు. వయసు కేసుల్లో మనోవేదనకు పరిహారమే లేదు. కంపెనీ కావాలని చేసిందని తేలితే పోయిన జీతానికి సమానమైన సొమ్ము ఇంకొకటి అదనంగా వస్తుంది.

పదిహేను మంది కూడా లేని కంపెనీ అయితే టైటిల్ సెవెన్ అసలు వర్తించదు, వయసు చట్టానికి ఇరవై మంది కావాలి. మన తెలుగు కన్సల్టెన్సీల్లో ఎనిమిది, పది మందితో నడిచేవి ఎన్నో. అలాంటి చోట పనిచేసేవాళ్లకు ఈఈఓసీ గడప చాలాసార్లు పనికిరాదు. అప్పుడు చూడాల్సినవి కింది రెండు దారులు.

సెక్షన్ 1981: ముందు ఫిర్యాదు అక్కర్లేని దారి

ఈ చట్టం 1866 నాటిది, అంతర్యుద్ధం తర్వాత నల్లజాతీయులకు తెల్లవారితో సమానంగా ఒప్పందాలు చేసుకునే హక్కు ఇవ్వడానికి వచ్చింది. ఉద్యోగం కూడా ఒప్పందమే కాబట్టి ఉద్యోగాలకూ వర్తిస్తుంది. ఈఈఓసీకి వెళ్లనవసరం లేదు, నేరుగా కోర్టుకే. కంపెనీలో ఇద్దరే ఉన్నా సరే. పరిహారానికి పరిమితి లేదు. తీసేయడం, వేధించడం లాంటి వాటికి గడువు నాలుగేళ్లు. ఉద్యోగమే ఇవ్వకపోయిన కేసులకు మాత్రం రాష్ట్రాన్ని బట్టి అంతకంటే తక్కువ కావచ్చు.

ఇంత మంచి దారి ఉండగా ఈఈఓసీ ఎందుకని అడగొచ్చు. ఈ దారి వెడల్పు తక్కువ. జాతి వివక్షకే, అందులో కలిసే వంశం, మూలాలు, పౌరసత్వం లేని పరాయివాళ్లన్న కారణానికే ఇది పనికొస్తుంది. మతం, లింగం, వయసు, వైకల్యం దీంట్లో లేవు. మా అన్నయ్య కేసు ఇక్కడా నిలబడలేదు, ఆయనది వయసు. "ఇండియాలో పుట్టాడు" అన్న ఒక్క కారణం కూడా సరిపోదు. "ఇండియన్ జాతివాడు" అన్న కారణం సరిపోతుంది. 1987లో ఒక అరబ్బు ప్రొఫెసర్ కేసులో సుప్రీంకోర్టు గీసిన తేడా ఇది. పైగా 2020 నుంచి, జాతి లేకపోతే ఈ నష్టం జరిగేదే కాదని మీరు రుజువు చేయాలి. టైటిల్ సెవెన్‌లో జాతి ఒక కారణమని చూపించినా కంపెనీ తప్పు చేసినట్టే లెక్క.

కాబట్టి జాతి విషయంలో నా సలహా, రెండు దారులూ చేతిలో ఉంచుకోండి. గడువులోపల ఈఈఓసీలో ఛార్జ్ వేయండి, సెక్షన్ 1981 నాలుగేళ్లను విడిగా గుర్తుపెట్టుకోండి. ఈఈఓసీలో ఫైలు నడుస్తోంది కదా అని సెక్షన్ 1981 గడువు ఆగదు. ఆ మాట సుప్రీంకోర్టు 1975లో చెప్పింది.

రాష్ట్రం దారి: ఒకచోట తప్పనిసరి, ఇంకోచోట ఉచ్చు

ఒక రాష్ట్రంలో సంస్థకు వెళ్లకపోతే కేసు పోతుంది, ఇంకో రాష్ట్రంలో వెళ్తేనే పోతుంది. టెక్సాస్‌లోని డాలస్‌లో స్నేహితుడు చెప్పిన సలహాను న్యూజెర్సీలోని ఎడిసన్‌లో పాటిస్తే ఇలాంటి చోటే దెబ్బ తగులుతుంది.

టెక్సాస్‌లో రాష్ట్ర చట్టం కింద పరిహారం కావాలంటే 180 రోజుల్లోపు టెక్సాస్ వర్క్‌ఫోర్స్ కమిషన్‌కు ఫిర్యాదు పడాలి, లైంగిక వేధింపులకైతే 300. తర్వాత వాళ్ల నోటీసు అందిన 60 రోజుల్లోపు, ఫిర్యాదు వేసిన రెండేళ్లలోపు దావా. ఈ రెండు గడువుల్లో ఏదీ దాటకూడదు. పరిమితులు ఫెడరల్ పరిమితుల్లాంటివే, కాబట్టి డబ్బులో పెద్ద తేడా లేదు. ఈఈఓసీకి 300 రోజులున్నా రాష్ట్రానికి 180 అని ఇక్కడ చాలామంది గమనించరు. 180 లోపలే ఒక ఫిర్యాదు వేసి, రెండుచోట్లా ఫైల్ అయ్యేలా అడగడం మంచిది.

కాలిఫోర్నియా ఉద్యోగికి చాలా అనుకూలం. సివిల్ రైట్స్ డిపార్ట్‌మెంట్‌కు వెళ్లడానికి మూడేళ్లు. వాళ్ల విచారణ అక్కర్లేదనుకుంటే ఆన్‌లైన్‌లోనే వెంటనే రైట్ టు స్యూ నోటీసు తీసుకోవచ్చు, అప్పటి నుంచి ఏడాదిలోపు దావా. ఐదుగురు ఉద్యోగులుంటే చాలు, వేధింపులకైతే ఒక్కరున్నా చాలు. పరిహారానికి పరిమితి లేదు. అందుకే అక్కడి లాయర్లలో చాలామంది ఫెడరల్ దావా జోలికి వెళ్లకుండా రాష్ట్ర చట్టం కిందే నడుపుతారు. ఒక జాగ్రత్త: ఆ నోటీసు రాష్ట్ర చట్టానికే. ఫెడరల్ దావా కూడా కావాలంటే ఈఈఓసీ నుంచి విడిగా తెచ్చుకోవాలి. లాయర్ లేకుండా, విచారణ వాళ్లే చేస్తారన్న ఆశతో ఉన్నవాళ్లు వెంటనే నోటీసు తీసుకోవద్దు. తీసుకున్నాక వాళ్లు విచారణ చేయరు.

న్యూయార్క్‌లో రాష్ట్ర చట్టం కింద ముందు ఫిర్యాదు అవసరం లేదు, మూడేళ్లలో నేరుగా కోర్టుకు వెళ్లొచ్చు. రాష్ట్రంలోని అన్ని కంపెనీలకూ వర్తిస్తుంది, ఎంత చిన్నవైనా. ఇప్పుడు ఉచ్చు. మీరు రాష్ట్ర మానవ హక్కుల డివిజన్‌కు ఫిర్యాదు ఇస్తే, ఆ దారినే ఎంచుకున్నట్టు లెక్క. వాళ్లు తేల్చిన తర్వాత రాష్ట్ర చట్టం కింద అదే విషయంపై కోర్టుకు వెళ్లలేరు, పరిపాలనా సౌలభ్యం కోసమని వాళ్లే కొట్టేయడం లాంటి మినహాయింపులు తప్ప. ఈఈఓసీలో వేసిన ఛార్జ్‌ను ఈఈఓసీ తనంతట తాను అక్కడికి పంపితే ఈ ఇబ్బంది లేదు. కాబట్టి న్యూయార్క్‌లో ఫెడరల్ హక్కు కోసం ఈఈఓసీకి వెళ్లండి, రాష్ట్ర డివిజన్ ఫారం నింపే ముందు మాత్రం లాయర్‌తో మాట్లాడండి.

న్యూజెర్సీ దీనికి దగ్గరగా ఉంటుంది. సుపీరియర్ కోర్టుకు రెండేళ్లు, రాష్ట్ర పౌరహక్కుల డివిజన్‌కు 180 రోజులు, ముందు ఫిర్యాదు అక్కర్లేదు. డివిజన్ తుది నిర్ణయం ఇచ్చేలోపు వెనక్కి తీసుకుని కోర్టుకు మళ్లొచ్చు, కానీ రెండేళ్ల గడువు చూసుకోవాలి. రాష్ట్ర చట్టం కింద మనోవేదన పరిహారానికి ఫెడరల్ పరిమితి వర్తించదు. ఎడిసన్, ఐసెలిన్ వైపు చిన్న కన్సల్టెన్సీల్లో పనిచేసేవాళ్లు ముందు ఈ దారినే చూడాలని నా అభిప్రాయం.

వాషింగ్టన్ రాష్ట్రంలోనూ నేరుగా కోర్టే, మూడేళ్లు. అక్కడ శిక్షగా వేసే అదనపు సొమ్ము మాత్రం లేదు.

కులం గురించి మనవాళ్లు అడుగుతూ ఉంటారు, అడగాలి కూడా. టైటిల్ సెవెన్‌లో కులం అన్న మాట లేదు. సియాటిల్ నగరం 2023 ఫిబ్రవరిలో కులవివక్షను పేరుపెట్టి నిషేధించింది. కాలిఫోర్నియాలో అలాంటి బిల్లు శాసనసభలో నెగ్గినా అదే ఏడాది అక్టోబర్‌లో గవర్నర్ వీటో చేశారు. 2020లో కాలిఫోర్నియా ప్రభుత్వ సంస్థే సిస్కో మీద కులవివక్ష దావా వేసింది, వంశం, మతం, జాతి లాంటి ఉన్న పదాల్లోనే కులం ఇమిడి ఉందన్న వాదనతో. కులం కారణంగా బాధపడినవారు ఛార్జ్ వేసేటప్పుడు కులం అని రాస్తూనే, జాతి, మతం, పుట్టిన దేశం, వంశం వీటిలో ఏవి కలుస్తాయో అవన్నీ రాయాలి. ఒక్క పదం మీద ఆధారపడకండి.

ఇంకో గడప ఉంది. ఉద్యోగం ఇవ్వడంలోనో తీసేయడంలోనో పౌరసత్వ హోదా చూసి వివక్ష, లేదా పనిచేసే అర్హత చూపే ఐ-9 ఫారం కోసం ఇంకా ఇంకా కాగితాలు తెమ్మని వేధించడం. వీటికి ఈఈఓసీ కాదు, న్యాయశాఖలోని ఐఈఆర్ విభాగం, గడువు 180 రోజులు. నలుగురి నుంచి పద్నాలుగు మంది దాకా ఉన్న కంపెనీల్లో పుట్టిన దేశం వివక్ష కూడా వాళ్లే చూస్తారు. హెచ్1బీ మీద ఉన్నవారికి పౌరసత్వ హోదా వివక్ష నుంచి ఇక్కడ రక్షణ లేదు, కాగితాల వేధింపుల నుంచి ఉంది.

ఛార్జ్‌లో రాసే నాలుగు వాక్యాలు

టెక్సాస్‌లో ఫోర్ట్ బెండ్ కౌంటీ అంటే షుగర్ లాండ్ ఉన్న చోటు, హ్యూస్టన్ తెలుగువాళ్లకు బాగా తెలిసిన ప్రాంతం. ఆ కౌంటీ ఐటీ విభాగంలో లోయిస్ డేవిస్ అనే ఆమె పనిచేసేది. పై అధికారి లైంగికంగా వేధించాడని ఫిర్యాదు చేసింది, ఆ తర్వాత తన మీద కక్ష కట్టారని 2011లో ఛార్జ్ వేసింది. అది నడుస్తుండగా, ఒక ఆదివారం చర్చికి వెళ్లాల్సి ఉందని చెప్పి డ్యూటీకి రానందుకు తీసేశారు. ఆమె ఈఈఓసీకి వివరాలిచ్చే ఇన్‌టేక్ ఫారంలో "మతం" అని చేత్తో రాసింది. ఛార్జ్ కాగితాన్ని మాత్రం మార్చలేదు. ఆ ఒక్క మాట ఛార్జ్‌లో లేదన్న సమస్య సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2019లో తీర్పు ఆమె వైపే వచ్చింది. ఎందుకంటే ఛార్జ్ నియమం తప్పనిసరే అయినా కోర్టు అధికారాన్నే తీసేసేది కాదు, కౌంటీ ఆ అభ్యంతరాన్ని ఏళ్ల తరబడి లేవనెత్తకుండా ఊరుకుంది. మీ కంపెనీ లాయర్ అలా ఊరుకోడు, మొదటి జవాబులోనే లేవనెత్తుతాడు.

కోర్టు మీ దావాను ఛార్జ్‌లో రాసినదానికి, దానితో సహజంగా ముడిపడే విషయాలకు మాత్రమే పరిమితం చేస్తుంది. అందుకే ఆ పేరా మీద ఒక సాయంత్రం కూర్చోండి. "మేనేజర్ నన్ను మొదటి నుంచీ సరిగ్గా చూడలేదు, చాలా టెన్షన్ పెట్టాడు" అని రాస్తే దాంట్లో చట్టం పట్టుకునేది ఏమీ లేదు. "2025 మార్చి 3న నన్ను లీడ్ పోస్టు నుంచి తప్పించారు. అదే వారం నా కంటే అనుభవం తక్కువున్న తెల్లజాతి సహోద్యోగికి ఆ పోస్టు ఇచ్చారు. నీ యాక్సెంట్ క్లయింటుకు అర్థం కాదని ఫిబ్రవరిలో రెండుసార్లు మీటింగ్‌లో అన్నారు. మార్చి 10న హెచ్‌ఆర్‌కి రాశాను, 24న పనితీరు బాగులేదంటూ నన్ను పీఐపీలో పెట్టారు." దీంట్లో తేదీ ఉంది, పోలిక ఉంది, జాతి ఉంది, పుట్టిన దేశం ఉంది, కక్షసాధింపు ఉంది. జాతి, పుట్టిన దేశం, రిటాలియేషన్, మూడు గడులూ టిక్ పెట్టండి. ఛార్జ్ వేశాక ఇంకేదైనా జరిగితే సవరణ వేయండి. ఇన్‌టేక్ ఫారంలో రాశాను కదా అనుకోకండి.

కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లకు మరో మాట. మీ పేచెక్ ఇచ్చేది ఒకరు, మధ్యలో వెండర్ ఒకరు, కూర్చుని పనిచేసేది క్లయింటు ఆఫీసులో. వివక్ష చూపింది క్లయింటు మేనేజర్ కావచ్చు. ఛార్జ్‌లో పేరు లేని కంపెనీని తర్వాత దావాలోకి లాగడం చాలా కష్టం. ఎవరెవరి చేయి ఉందో వాళ్లందరి పేర్లూ, చట్టబద్ధమైన పూర్తి పేర్లతో రాయండి. పేస్టబ్ మీద, ఆఫర్ లెటర్ మీద ఉన్న పేర్లు సరిచూసుకోండి. లోగో మీద ఉన్న పేరు, కంపెనీ అసలు పేరు ఒకటి కాకపోవచ్చు.

ఆఫర్ లెటర్‌లో ఆర్బిట్రేషన్ క్లాజు, అంటే గొడవలు కోర్టు బయట మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవాలన్న షరతు, ఉంటే కోర్టు దారి మూసుకుపోవచ్చు, లైంగిక వేధింపుల కేసులకు 2022 చట్టం మినహాయింపు ఇచ్చింది. ఏదైనా సరే, ఈఈఓసీలో ఛార్జ్ వేయకుండా ఆ క్లాజు ఆపలేదు.

సెవరెన్స్ కాగితం

లేఆఫ్ రోజున చేతికిచ్చే ఆ కాగితంలో, సెవరెన్స్ అనే డబ్బు తీసుకుని అన్ని హక్కులూ వదులుకుంటున్నానని ఉంటుంది. హెచ్1బీ మీద ఉన్నవాళ్లకు కొత్త ఉద్యోగం చూసుకోవడానికి సాధారణంగా 60 రోజులే ఉంటాయి, ఇల్లు అద్దె, పిల్లల స్కూలు, ఆ కంగారులో సంతకం పెట్టేస్తారు. ఆ పరిస్థితిలో ఉన్నవాళ్లను తప్పుపట్టలేను. కానీ తెలుసుకుని పెట్టండి. సంతకం పెట్టినా ఈఈఓసీలో ఛార్జ్ వేసే హక్కు వదులుకున్నట్టు కాదు, దాన్ని ఏ ఒప్పందమూ తీసేయలేదు. మీ సొంతంగా పరిహారం పొందే హక్కు మాత్రం పోవచ్చు. కాబట్టి చేతిలో గట్టి కేసుందని అనిపిస్తే, ఆ కాగితం ముందు లాయర్‌కు చూపించండి. సెవరెన్స్ పెంచమని అడగడానికి కూడా అదే సమయం.

నలభై దాటినవాళ్లకు చట్టం ఇంకొంత ఊపిరి ఇచ్చింది. ఆలోచించుకోవడానికి 21 రోజులు, గ్రూపుగా తీసేస్తే 45 రోజులు ఇవ్వాలి. సంతకం పెట్టాక కూడా 7 రోజుల్లో వెనక్కి తీసుకోవచ్చు. గ్రూపు లేఆఫ్ అయితే ఎవరిని తీశారు, ఎవరిని ఉంచారు, వాళ్ల ఉద్యోగాల పేర్లు, వయసులతో ఒక జాబితా ఆ కాగితానికి జతచేయాలి. లాయర్లు ముందు చదివేది ఆ జాబితానే.

మా అన్నయ్యకు అది లేఆఫ్ రోజునే ఇచ్చారు. కేసు వేస్తానన్న పట్టుదలతో ఆయన సెవరెన్స్ తీసుకోలేదు, సంతకం పెట్టలేదు. నలుగురి వయసులూ వరసగా ఉన్న ఆ కాగితం మీద పైన తేదీ ముద్ర ఉంది. 180 రోజులు అక్కడి నుంచే మొదలయ్యాయి.